సూదిమొనంత వెడల్పు

కిటికీ మూయమని ఆయన అప్పటికి మూడుసార్లు చెప్పాడు. ఆమె మూడుసార్లూ ఊఁ అంది గానీ కుర్చీలోంచి కదల్లేదు. నాలుగోసారి ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "వీధికి చలేస్తోందని జాలిపడి దానిక్కూడా మనమే హీటరు వేస్తున్నామా?" అన్నాడు.

కాస్త గాలి రానివ్వమంది ఆమె, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా. గదిలో బట్ట కమురు వాసనొస్తోందని ఒక మాట కూడా కలిపింది. ఏ వాసనా లేదని ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. బడి సంచీ సర్దుకుంటున్న పద్నాలుగేళ్ళ కూతురు, అమ్మ ఇవాళ వీధికి హీటరు వేసింది, రేపు దుప్పటి కప్పుతుంది, ఎల్లుండి జోల పాడుతుంది అని వరస చెప్పింది. ప్రతిదానికీ మధ్యలో దూరి వాదిస్తుందని ఆ పిల్లని ఇంట్లో లాయరమ్మ అంటారు.

"గాలి నా వీపు మీద పడుతోందమ్మా, మూసెయ్," అన్నారు అత్తగారు.

ఆ మాటకి ఎదురు చెప్పలేక కోడలు లేచింది. కిటికీ రెక్క దగ్గరికి లాగింది గానీ గొళ్ళెం పడకుండా అడుగున ఒక బట్ట పేలిక మడిచి పెట్టింది. పేలిక పెట్టడం ఎవరూ చూడలేదు. పక్కకి తిరిగితే అత్తగారి కాళ్ళ దగ్గర హీటరు ఎర్రగా, పసుపుగా ఎగిరెగిరి మండుతోంది. అంత నిండుగా, అంత ముచ్చటగా మండే హీటరు ఆ వీధిలో ఇంకెవరికీ లేదని ఆయన బస్సు డిపోలో చెప్పుకుంటాడు. కోడలు ఆ మంట వంక చూడకుండా మిషను దగ్గరికి వచ్చేసింది.

ఆ ముందుగదే వాళ్ళ టైలరింగు షాపు. గుమ్మం పక్కన కోడలి మిషను, లోపలి గోడవైపు కటింగు బల్ల. ఆ బల్ల వెనక అత్తగారు నలభై ఏళ్ళుగా నిలబడి బట్ట కత్తిరిస్తున్నారు. వీధిలో ఆవిణ్ణి కొలతలమ్మ అంటారు. టేపు మెడలో వేసుకుని తిరుగుతారే గానీ, మనిషి గుమ్మం ఎక్కుతుంటేనే కంటితో కొలిచేస్తారు. నడుము రెండంగుళాలు పెరిగింది, ఎక్కడ తిన్నావే అని నవ్వుతూనే పట్టేస్తారు. కోడలు ఈ ఇంటికొచ్చి పదహారేళ్ళయింది. కుట్టడం, కాజాలు వెయ్యడం, ఇస్త్రీ, అన్నీ ఆమె చేతిలోకి వచ్చాయి. కత్తెర మాత్రం రాలేదు. పాత గుడ్డల మీద సాధన చేసుకోమనేవారు అత్తగారు. కొత్త బట్ట మీద చెయ్యి పడనిచ్చేవారు కాదు.

అంతకు రెండు నెలల ముందు వీధిలోకి పైపు గ్యాసు వచ్చింది. కంపెనీ మనిషి వచ్చిన రోజున ఇంట్లో కోడలు ఒక్కతే ఉంది. అతను వంటింట్లో పొయ్యి విప్పి, లోపల సన్న కంతలోంచి గ్యాసు చిమ్మే ఇత్తడి జెట్లు తీసి వేరేవి బిగించి, సబ్బునీళ్ళు పూసి బుడగలు రావడంలేదని చూపించి, ముందుగదిలో హీటరు కోసం ఇంకో పాయింటు పెట్టి దానికి మూత బిగించాడు. వెళ్ళేముందు హీటరు వెనక్కి వంగి రేకు మీద రాసింది చదివాడు. "ఇది సిలిండరు గ్యాసుదమ్మా. దీన్ని ఈ పైపుకి తగిలించకండి. మార్చాలంటే కంపెనీ కిట్టు ఉండాలి, అది తెలిసినవాడు బిగించాలి. ఇంట్లోవాళ్ళకి చెప్పండి," అన్నాడు.

ఆమె చెప్పింది, కానీ సగమే చెప్పింది. సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి మిషను మీద పనుంది, పొయ్యి మీద పాలున్నాయి. హీటరు సంగతి తర్వాత చూద్దామని కంపెనీ మనిషి అన్నాడని ఒక ముక్క అనేసి ఊరుకుంది. ఆయన ఆ తర్వాత అనేదాన్ని మర్నాడే చేసేశాడు. బస్సు ఇంజను విప్పి బిగించగల మనిషికి రబ్బరు గొట్టం, రెండు క్లిప్పులు ఒక లెక్కా? గ్యాసు గ్యాసేగా అన్నాడు. తీరా వెలిగిస్తే మంట మిణుగురు పురుగంత వచ్చింది. హీటరు పాతబడి పోయిందని తిట్టి, కొత్తది కొందాంలే అని వదిలేశాడు.

చలి మాత్రం ఆగలేదు. పొద్దున్నే బట్ట పరుస్తుంటే అత్తగారి వేళ్ళు వంగేవి కావు. కత్తెర పట్టుకునే ముందు ఆ చేతుల్ని చంకల్లో పెట్టుకుని నిలబడే మనిషిని చూస్తే కోడలికి ప్రాణం ఉసూరుమనేది. ఒక మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే హీటరు ముందు చతికిలబడి, కంపెనీ మనిషి పొయ్యి విప్పిన పద్ధతిలోనే విప్పింది. లోపల అలాంటి ఇత్తడి జెట్టే ఉంది. దాని కంత చూస్తే సన్నటి దారం కూడా దూరేలా లేదు. మంట చిన్నదవడానికి కారణం ఇదే అని ఆమెకి అనిపించింది. టైలరు ఇంట్లో ఇరుకైన దేన్నయినా వెడల్పు చెయ్యడానికి సూదే గతి. మిషను కంతలో చిక్కిన దారం తియ్యాలన్నా, నూనె సీసా మూతకి బెజ్జం పెట్టాలన్నా సూదే. తోలు సంచులు కుట్టే మూడు పలకల సూది ఒకటి డబ్బాలో ఉంది. దాన్ని జెట్టులో దూర్చి, రెండు వేళ్ళతో తిప్పి తిప్పి, ఇత్తడి పొడి ఊది, మళ్ళీ తిప్పింది. అరగంటకి పని అయిపోయింది.

వెలిగిస్తే మంట జానెడు లేచింది. అత్తగారు నిద్ర లేచి వచ్చి చేతులు చాపి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది," అన్నారు. సాయంత్రం ఆయన చూసి, గొట్టంలో గాలి ఇరుక్కుని ఉంటుంది, అది పోయాక సర్దుకుంది, నేను బిగించింది బిగించినట్టే ఉంది చూశావా అని మురిసిపోయాడు. ఆ మురిపెం మీద నీళ్ళు చల్లడం దేనికని ఆమె నోరు మెదపలేదు. అప్పటికది పెద్ద విషయంలా కూడా తోచలేదు.

తోచడం మొదలైంది గోడ నల్లబడ్డాక. హీటరు పైన గోడ మీద చెయ్యి పెడితే మసి అంటింది. తడిగుడ్డతో తుడిచేసింది. మూడు రోజులకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచింది. అందరూ లేవకముందే తుడవడం అలవాటు చేసుకుంది. అత్తగారికి తలనొప్పి పట్టుకుంది. మధ్యాహ్నానికి కళ్ళు మూతలు పడేవి, తిన్నది వికారం పెట్టేది. సుద్ద చేతిలో పట్టుకుని సుద్ద కోసం వెతికేవారు. ఒకే మనిషి కొలతలు రెండుసార్లు అడిగేవారు. లాయరమ్మ మొదట్లో నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది. ఆదివారాలు తన కూతురింటికి వెళ్ళొచ్చినప్పుడు మాత్రం అత్తగారు పాత మనిషిలా, చలాకీగా, అల్లుడి మీద జోకులేస్తూ వచ్చేవారు. సోమవారం మధ్యాహ్నానికి మళ్ళీ వాడిపోయేవారు. ఈ తేడా ఇంట్లో కోడలొక్కతే గమనించింది. గమనించి చేసిందల్లా కిటికీ తెరవడం. కిటికీ తెరిస్తే ఎందుకని అడుగుతారు, హీటరు ఆపితే ఇంకా ఎక్కువ అడుగుతారు. ఆ అడగడానికి భయపడి నాలుగు వేళ్ళ సందుతో సరిపెట్టుకుంది.

అలా ఉండగా నర్సింగ్ హోము ఆర్డరు వచ్చింది. నర్సులు తొడుక్కునే కోట్లు, ఇరవై కుట్టాలి. బట్టకి ఒకవైపు నునుపు, ఒకవైపు గరుకు. అలాంటి బట్టని పొరలు పరిచేటప్పుడు నునుపు నునుపుకి ఎదురుగా వచ్చేలా పరవాలి. అప్పుడే కుడి ముందుభాగం, ఎడమ ముందుభాగం జోడీగా వస్తాయి. ఈ సంగతి కోడలికి పెళ్ళైన వారంలో నేర్పింది అత్తగారే. ఆ రోజు ఆవిడ పొరలన్నీ ఒకే వైపు తిప్పి పరిచారు. కత్తెర కూడా తడబడకుండా ఎప్పట్లాగే సాఫీగా నడిచింది. కోడలు మిషను దగ్గరకి తెచ్చుకుని మొదటి కోటు జత చేయబోతే రెండు భాగాలూ ఎడమవే. ఇంకో రెండు తీసింది. అవీ ఎడమవే. నలభైకి నలభై ఎడమవే.

అత్తగారు ఒక్కొక్క ముక్కా తీసుకుని గుండెకి ఆనించి చూసుకున్నారు. ఒకటి, రెండు, ఐదు. తర్వాత చూడడం మానేసి బల్లకి చేరబడి, "ఈ ఇరవై మంది నర్సులకీ కుడి చెయ్యి లేదేమో కనుక్కోండర్రా," అన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు. ఆవిడకీ రాలేదు.

ఆ సాయంత్రం ఆడపడుచు కూడా వచ్చింది. ఆయన కంటే ఆరేళ్ళు పెద్దది. బడిలో లెక్కలు చెబుతుంది, అందుకని ఏ విషయాన్నయినా తేల్చేదాకా వదలదు. అమ్మకి మతిమరుపు జబ్బు మొదలైందని, వాళ్ళ హెడ్‌మాస్టరు తల్లికి అచ్చం ఇలాగే మొదలైందని, తొందరగా చూపిస్తేనే మంచిదని చెప్పింది. వచ్చే సోమవారానికి డాక్టరు దగ్గర టైము తీసుకుంటానంది. ఆయన నేల వంక చూస్తూ, అమ్మ ఇంక కటింగు మానేస్తే మంచిదేమో అన్నాడు. వాళ్ళిద్దరూ తన గురించి తన ఎదురుగానే మాట్లాడుకుంటుంటే అత్తగారు కిక్కురుమనకుండా విన్నారు. ఆవిడ ఏదైనా కిక్కురుమనకుండా వినడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

అంతా అయ్యాక లేచి వెళ్ళి, బల్ల సొరుగులోంచి కత్తెర తీసి, పమిటచెంగుతో తుడిచి కోడలి ఒళ్ళో పెట్టారు. "పదహారేళ్ళు చూశావుగా. ఇంక చెయ్యి. నాకంటే వంకరగా కత్తిరిస్తే మాత్రం ఊరుకోను," అన్నారు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఒళ్ళో ఉన్న కత్తెర బరువు ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయిని చూసి ఆమెకే భయం వేసింది. పదహారేళ్ళు పాత గుడ్డలు కత్తిరించిన చెయ్యి అది. ఆ క్షణంలో గుండెల్లో రాయి పడ్డదీ నిజమే, ఆ రాయి కింద ఎక్కడో చిన్న సంబరం మెదిలిందీ నిజమే. మర్నాడు నర్సింగ్ హోముకి వెళ్ళి గడువు పొడిగించమని అక్కడ నర్సుల్ని చూసుకునే మేట్రన్‌ని బతిమాలుకుంది. ఎందుకిలా జరిగిందని ఆవిడ అడిగితే, "మా అత్తయ్యకి ఈ మధ్య మతి ఉండడంలేదండీ. ఇకనుంచి కటింగు నేనే," అంది. ఎవరూ బలవంతం చేసి చెప్పించిన మాట కాదు. తనే చెప్పింది. మేట్రన్ అయ్యో అని జాలిపడింది.

కొత్త బట్ట తెచ్చుకుని ఆ మధ్యాహ్నమే పరిచింది. నునుపుకి నునుపు, గరుకుకి గరుకు. కత్తెర గీత వెంబడి చక్కగా సాగింది. సగం దాకా కత్తిరించి తలెత్తితే, అత్తగారు హీటరు పక్క కుర్చీలో తల వాల్చి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతున్నారు. మొహం ఎర్రగా కందినట్టుంది. కోడలు పిలిచింది. పలకలేదు. దగ్గరికెళ్ళి భుజం పట్టి కుదిపితే, చాలాసేపటికి కళ్ళు తెరిచి, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు. రెండు క్షణాలే. తర్వాత గుర్తుపట్టి, పాడు నిద్ర అని నవ్వారు. ఆ రెండు క్షణాలూ కోడలికి చాలు. వాల్వు కట్టేసింది, కిటికీ బార్లా తెరిచింది, గొణుగుతున్న అత్తగారిని చెయ్యి పట్టుకుని వీధి అరుగు మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఆవిడ మొహం తేటబడేదాకా పక్కనే కూర్చుంది. హీటరు చెడిపోయింది, ఎవరూ ముట్టుకోవద్దు అని ఇంట్లో చెప్పింది. ఎలా చెడిపోయిందో చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే జెట్టు విప్పి చేతిరుమాల్లో కట్టుకుంది. హీటరు వెనక రేకు మీదున్న అక్షరాలూ అంకెలూ కొలతల చీటీ మీద రాసుకుని, మూడు వీధుల అవతలున్న గ్యాసు మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. అతను లావుపాటి మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని గోడ నిండా వేలాడే గొట్టాల మధ్య కూర్చుని ఉన్నాడు. జెట్టుని వెలుతురుకేసి పట్టి చూసి, కళ్ళజోడు దించుకుని మళ్ళీ చూశాడు. ఎవరు చేశారిది అని అడిగాడు. మా ఇంట్లో ఒకళ్ళు అంది.

అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఓ రింగుకి గుచ్చిన సన్నటి ఉక్కు తీగలు తీశాడు. ఒక్కో తీగా ఒక్కో లావు. ఒక్కొక్కటే కంతలో పెట్టి చూస్తూ నెమ్మదిగా విడమర్చి చెప్పాడు. సిలిండరులో ఉండే ప్రొపేన్ గ్యాసు బలంగా తోసుకొస్తుంది, దాని వేడీ ఎక్కువ, అందుకే కంత సన్నం. పైపులో వచ్చేది మెత్తగా వస్తుంది, దానికి కంత పెద్దదిగా ఉండాలి. "అంతవరకు మీ ఇంట్లోవాళ్ళ ఊహ తప్పు కాదమ్మా. ఎంత పెద్దది అన్నదగ్గరే ఉంది అంతా. వెంట్రుకవాసి తేడా వస్తే చాలు. ఇక్కడ చూడండి, ఇది పెద్దదవడమే కాదు, గుండ్రంగా కూడా లేదు. మూడు మూలలుగా ఉంది," అన్నాడు. అలా వచ్చిన గ్యాసుకి తగినంత గాలి కలవదు, సగం కాలీ కాలక పసుపురంగు మంటవుతుంది, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు అన్నాడు. జెట్టొక్కటే మారిస్తే కూడా చాలదు, రెగ్యులేటరు మారాలి, పెద్ద మంటని అంటించే చిన్న పైలట్ మంట జెట్టు మారాలి, ఒత్తిడి కొలిచి చూడాలి. అన్ని హీటర్లూ మార్చడానికి కుదరవు, ఈ ఒక్క గ్యాసుకే అని రేకు మీద రాసి ఉన్నవాటిని ముట్టుకోకూడదు. ఆమె చీటీలో నంబర్లు కంపెనీ పుస్తకంలో వెతికి, దీనికి కిట్టు ఉంది, గురువారానికి తెప్పిస్తాను, అప్పటిదాకా వెలిగించొద్దు అన్నాడు.

లేవబోతుంటే ఆపి అడిగాడు: "ఇంట్లో ఎవరికైనా తలనొప్పి, మగత, మాట తడబడటం..."

ఆమె రుమాలు మడత పెడుతోంది. మడత పెట్టింది విప్పి మళ్ళీ పెట్టింది.

"ఉంటే డాక్టరుకి చూపించండి. కానీ హీటరు సంగతి చెప్పి చూపించండమ్మా. చెప్పకపోతే ఆయన లేని జబ్బు వెతుకుతాడు," అన్నాడు.

ఆ మాట ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది. ఇల్లు చలితో గడ్డకట్టినట్టున్నా, హీటరు ఆరిన రెండో రోజుకే అత్తగారి కళ్ళలో తేట కనిపించింది. మూడో రోజు పేపరు చదువుతూ అచ్చుతప్పు పట్టుకున్నారు. ఆయన అది చూసి, అక్క మొన్న తెచ్చిచ్చిన బలం మందు పనిచేస్తోందన్నాడు. కోడలు ఔనంది. అలా అని, తనకి తాను ఇంకో దారి చూపించుకుంది. గురువారం మెకానిక్ వస్తాడు, హీటరు బాగవుతుంది, అత్తయ్య బాగవుతారు, మంచిదే. జరిగింది ఎవరికి తెలియాలి? వయసైపోయిన మనిషికి విశ్రాంతి ఎలాగూ కావాలి. కత్తెర తన సొరుగులో ఉంటుంది. ఈ ఆలోచన ఎంత బుద్ధిగా, ఎంత సర్దుబాటుగా ఉందంటే, దాన్ని పూర్తిగా ఆలోచించడానికి ఆమెకే సిగ్గేసింది. సిగ్గేసినా ఆలోచించడం మానలేదు.

గురువారం మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. ఆయన పెట్టిన రబ్బరు గొట్టాన్ని చూసి తల అడ్డంగా ఊపి, తీసి పక్కన పడేశాడు. సరైన గొట్టం, కొత్త రెగ్యులేటరు, రెండు జెట్లు బిగించాడు. గడియారం లాంటి సాధనం తగిలించి ముల్లు సరైన గీత మీద నిలిచేదాకా తిప్పాడు. కీలు కీలుకీ సబ్బునీళ్ళు పూసి, ఒక్క బుడగయినా వస్తుందేమోనని మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పాత రేకు పక్కన, దీన్ని పైపు గ్యాసుకి మార్చారని తేదీతో ఒక కాగితం అతికించాడు. వెలిగిస్తే మంట పొట్టిగా, నీలంగా, కదలకుండా నిలబడింది. ఎంత బాగా మండినా కిటికీ రెండు వేళ్ళు తెరిచే ఉంచాలని చెప్పి, గోడకి విషపు గాలి వస్తే మోగే అలారం పెట్టె ఒకటి బిగించాడు.

"ఇదేమిటి, ఇంత కళాకాంతీ లేకుండా ఉంది? మొన్నటిదాకా బంగారంలా మండేది," అన్నారు అత్తగారు.

మెకానిక్ కోడలి వంక చూశాడు. ఆమె చెబుతుందని ఆగాడు. ఆమె ఇస్త్రీపెట్టె వైరు చుట్టుకుంటూ నిలబడింది. అతను, ఆ బంగారం మంచిది కాదు పెద్దమ్మా అని మాత్రం అని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆడపడుచు మధ్యాహ్నం భోజనానికి వచ్చింది. సోమవారం పదింటికి డాక్టరు టైము ఇచ్చాడని, అమ్మ ఏయే రోజున ఏమేం మర్చిపోయిందో కాగితం మీద వరసగా రాసుకొచ్చానని చెప్పింది. కోడలు కంచాలు పెడుతూ లోపలిగదిలోకి చూసింది. మంచం మీద అత్తగారు, ఎదురుగా లాయరమ్మ. పిల్ల ప్రశ్నలు అడుగుతోంది, ఆవిడ జవాబులు చెబుతున్నారు. ఇవాళ ఏ వారం, ఏ నెల, ఏ సంవత్సరం. వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, అందులోంచి ఇంకో ఏడు తీసేస్తే ఎంత. డాక్టర్లు ఇవే అడుగుతారని పిల్లకి ఎవరో చెప్పారట. అత్తగారు తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది అని చెప్పి, సరిగ్గానే చెప్పి, "ఇంకోసారి మొదట్నుంచీ అడగవే. రేపు అక్కడ తప్పు పోతే వీళ్ళు నన్ను దేనికీ ముట్టుకోనివ్వరు," అన్నారు. ఒడిలో రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నలభై ఏళ్ళు కంటితోనే మనుషుల్ని కొలిచిన మనిషి, వారం పేరు వల్లె వేసుకుంటోంది.

కోడలు చేతిలోని కంచాలు కింద పెట్టేసింది.

అందరూ కూర్చున్నాక, ఆడపడుచు కాగితం మడత విప్పుతుండగా, "వదినా, అది పక్కన పెట్టండి," అంది.  "అత్తయ్యకి ఏ జబ్బూ లేదు. హీటరు జెట్టు కంత నేను తోలు సూదితో పెద్దది చేశాను. గ్యాసు కంపెనీ మనిషి ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళాక చేశాను. దానివల్ల విషపు గాలి వచ్చింది. అత్తయ్య దాని పక్కనే నిలబడతారు కాబట్టి ఆవిడకి ఎక్కువ తగిలింది."

 ఆయన ముందు తేరుకుని, గొట్టం తగిలించింది తనేనని గుర్తొచ్చి, ఏదో అనబోయి మింగేశాడు. ఎప్పుడు తెలిసిందని ఆడపడుచు అడిగింది. లెక్కలు చెప్పే మనిషి కదా, సరిగ్గా ఆ ప్రశ్నే అడిగింది.

"గోడ నల్లబడ్డప్పుడు అనుమానం వచ్చింది. కోట్లు చెడినప్పుడు దాదాపు తెలుసు. మెకానిక్ జెట్టు చూసిన రోజునే తేల్చి చెప్పాడు." ఆమె ఆగి, ఇంక మిగిలినదాన్ని కూడా బయటికి లాగింది. "కత్తెర నా చేతికొచ్చింది కదా అని చెప్పలేదు. మేట్రన్‌తో కూడా అత్తయ్యకి మతి ఉండడంలేదని నేనే అన్నాను."

ఈ చివరి మాటకి అత్తగారు తలెత్తారు. అప్పటిదాకా సూది సంగతి, హీటరు సంగతి వింటున్నంతసేపూ ఆవిడ మొహంలో పెద్ద మార్పు లేదు. ఇప్పుడు కోడల్ని పైనుంచి కిందిదాకా చూశారు, కొత్తగా కొలతలు తీసుకుంటున్నట్టు.  ఆడపడుచు ఏమనాలో తోచక, ముందు తినండి, చల్లారిపోతుంది అంది. నిజంగానే అందరూ తిన్నారు, లేదా తిన్నట్టు చేశారు. కోడలికి క్షమించమని అడగాలనిపించింది. అడిగితే ఆవిడ సరేలే అనాల్సి వస్తుంది, ఆ బరువు కూడా ఆవిడ మీదే వేసినట్టవుతుంది అనిపించి అడగలేదు.

అత్తగారు తిని, లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ తన చోటే కూర్చున్నారు. గొంతు పెంచలేదు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. వారాల పేర్లు ఒప్పజెప్పడానికి కాదు. ఇప్పుడు మాకు చెప్పిందంతా ఆయనకీ చెప్పు, ఆయన ఏ రక్తం చూస్తాడో చూడనీ," అన్నారు కోడలితో. "అక్కణ్ణుంచి నర్సింగ్ హోముకి పోదాం. నాకు మతి లేదని చెప్పిన నోటితోనే, తప్పు నాది కాదని ఆ మేట్రన్‌కి చెప్పు. నేను పక్కనే నిలబడతాను."

తర్వాత కొడుకు వైపూ, కూతురి వైపూ, మనవరాలి వైపూ చూశారు.

"కటింగు మళ్ళీ నాదే. నాకు చాలనిపించిన రోజున నేనే చెబుతాను. అది ఎప్పుడని ఎవరూ నన్ను అడగొద్దు."